బాలవ్వకు ఎర్ర గుర్తు

సబ్ సెంటర్, ఆదిలాబాద్ జిల్లా
6 జూలై 2024

మా చిన్న ఆడబిడ్డ ప్రవళికకు,

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకని అడగకు. నేను ఫోన్ చేస్తే చాలు, కరీంనగర్‌లో అత్తమ్మ "స్పీకర్ పెట్టు బిడ్డా, నేను గూడ వింట" అంటుంది. స్పీకర్ పెడితే నిన్ను తిట్టలేను, ఈసారి నాకు తిట్టే పని ఉంది. పైగా ఇక్కడ సిగ్నల్ దొరకాలంటే నీళ్ల ట్యాంకు మెట్లెక్కి ఊరంతా వినేలా అరవాలి. నువ్వు హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ మనిద్దరికీ ఉత్తరాలే అచ్చొచ్చాయి.

ఇక తిట్లు మొదలుపెడుతున్నాను. మీ కంపెనీ మా అయిదు సబ్ సెంటర్ల ఏఎన్ఎం నర్సులకు ట్రయల్ అని ఇచ్చిన గర్భిణుల యాప్ నా ఫోన్లో పట్టలేదు. చోటు లేదంది. మీ అన్న మస్కట్ నుంచి పంపిన వీడియోలు ఇరవై తీసేశాను, అయినా చాలదంది. మా ఫోన్లు నా పెళ్లినాటివేమో అన్నంత పాతవి. చివరికి ఎలాగో ఎక్కించాక, తెరవమంటే తెరుచుకోదు. నేను పొయ్యి మీద చాయ్ పెట్టి, అది మరిగి, వడగట్టుకొని వచ్చేసరికి మొదటి పేజీ వచ్చింది. మా ఆశా కార్యకర్త లింగవ్వ ఏమన్నదో తెలుసా? "సిస్టర్, గీ యాప్ తెరుసుకునే లోపల కాన్పు అయితది" అన్నది. పక్కన కూర్చున్న మరాఠీ ముసలమ్మకు సంగతి అర్థం కాకపోయినా, లింగవ్వను చూసి ఆమె కూడా నవ్వింది.

నువ్వు రాసిన యాప్ అని గొప్పగా చెప్పుకున్నాను ప్రవళికా. నా పరువు నిలబెట్టు.

మీ అన్న సెలవు అయిపోయి వెళ్లి నెల కావస్తోంది. నేను బాగానే ఉన్నాను. వానల వల్ల కాబోలు, అన్నం సయించడం లేదు. మామిడికాయ తొక్కు ఉంటే ఎవరైనా వచ్చేటప్పుడు పంపు. నేను అడిగానని అత్తమ్మకు చెప్పకు, నీకోసమే అని పెట్టించుకో.

నీ వదిన
నవీన

*

కరీంనగర్
14 జూలై 2024

వదినా,

తిట్లు అన్నీ చేరాయి. రెండుసార్లు చదువుకున్నాను. లింగవ్వ మాట ఆఫీసులో చదివి వినిపిస్తే మా టీమ్ అంతా పది నిమిషాలు నవ్వి, తర్వాత సిగ్గుపడింది. తొక్కు జాడీ పంపుతున్నాను. మా అవ్వకు, అదే మీ అత్తమ్మకు, అనుమానం వచ్చింది, "నువ్వు ఎన్నడు తొక్కు తింటివే?" అన్నది. నేను మాట మార్చాను.

యాప్ బరువు నలభై రెండు ఎంబీలు ఉంది, దాన్ని పదిహేనుకు తెస్తున్నాను. ఎలాగో చెబుతాను, నీకు అర్థం కాకపోతే తప్పు నాది. మేం యాప్ రాసేటప్పుడు ఎవరెవరో రాసిన సామాను కూడా తెచ్చి కలుపుతాం. అందులో మనకు కావలసింది ఒక వంతు, మిగతాది ఊరికే వెంట వస్తుంది. ష్రింకర్ అనే పనిముట్టు ఒకటుంది. అది యాప్ గుమ్మం దగ్గర మొదలుపెట్టి, ఏ పని ఏ పనిని పిలుస్తోందో చూసుకుంటూ పోతుంది. ఎవరూ పిలవని దాన్ని తీసి పారేస్తుంది. పొడుగు పేర్లను ఒక అక్షరానికి కుదిస్తుంది. చిన్న చిన్న పనులను పిలిచిన చోటే కలిపేస్తుంది. ఏది తీయాలి, ఏది ముట్టుకోకూడదు, ఎన్ని విడతలు తిరగాలి అన్నది నేను ఒక రూల్స్ ఫైల్లో రాసిస్తాను. వారం నుంచి నా పని అదే. మీ జిన్నింగ్ మిల్లులో పత్తి, గింజ వేరు చేసినట్టు అనుకో.

ఇవాళ ఆ ఫైల్లో ఒక మంచి లైను రాశాను. యాప్ తయారుచేసేటప్పుడు నాకోసం నేను అడుగడుగునా డైరీ రాతలు పెట్టుకున్నాను, "ఈ పేజీ తెరుచుకుంది, ఆ బటన్ నొక్కారు" అని. అవి నీకు దేనికీ పనికిరావు, ఫోన్‌ను నెమ్మది చేస్తాయి. అవన్నీ రికార్డర్ అనే ఒక్క పెట్టెలో ఉన్నాయి. "ఈ పెట్టెలో దేన్ని పిలిచినా బయట ఏ మార్పూ జరగదు, కాబట్టి పిలుపులన్నీ తీసెయ్" అని ష్రింకర్‌కు చెప్పాను. ఒక్కొక్క దాని పేరు రాయడం ఎందుకని అన్నిటికీ కలిపి ఒక నక్షత్రం గుర్తు పెట్టేశాను. నా పని సరిచూసే హరీష్ "గా నక్షత్రం జర చూసుకో, పేర్లు రాస్తే మంచిగుంటది" అన్నాడు. హరీష్‌కు అన్నిటికీ భయమే.

ఒక్కటి మాత్రం చెప్పాలి. ఈ యాప్‌లో నాకు ఇష్టమైన పని ఎర్ర గుర్తు. ఇదివరకు కడుపు పోయినవాళ్లు ఎవరైనా వస్తే ఆమె పేరు పక్కన ఎర్రగా పడుతుంది, ఆ పేరు తిన్నగా మీ డాక్టర్ వనజ మేడం జాబితాలోకి వెళ్తుంది. లేకపోతే పచ్చ. నీకు రెండుసార్లు అయిదో నెలలో జరిగింది ఇంకొకరికి జరగకూడదని రాశాను వదినా. ఈ మాట నీకు ఎదురుగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

కొత్తది వచ్చాక ట్రయల్ అయ్యేదాకా నిజమైన పేషెంట్ల పేర్లు ఎక్కించకు. ఉత్తుత్తి పేర్లు, ఉత్తుత్తి వివరాలు పెట్టు.

నీ
ప్రవళిక

*

సబ్ సెంటర్, ఆదిలాబాద్ జిల్లా
22 ఆగస్టు 2024

మా గొప్ప ఇంజినీరు ప్రవళికకు,

నువ్వు గెలిచావు. కొత్త యాప్ నా ఫోన్లో ఇట్టే ఇమిడింది. నొక్కీ నొక్కకముందే తెరుచుకుంటోంది. మిగతా నలుగురు ఏఎన్ఎంలకూ నచ్చింది. లింగవ్వ "గిప్పుడు కాన్పు కంటె ముందే తెరుసుకుంటుంది సిస్టర్" అని సర్టిఫికెట్ ఇచ్చింది. మొన్న మీటింగుకు ఆదిలాబాద్ వెళ్లినప్పుడు సిగ్నల్ దొరికి, నేను ఎక్కించినవన్నీ మీ దగ్గరికి పోయినట్టున్నాయి, చూసుకో.

హరీష్ అనే పేరు నీ ఉత్తరంలో రెండుసార్లు వచ్చింది. నేను లెక్కపెట్టలేదు, కళ్లకు కనబడింది అంతే.

నువ్వు చెప్పినట్టే పన్నెండు మంది ఉత్తుత్తి గర్భిణులను పుట్టించాను. ఒకరికి నాగరాజు భార్య కిష్టవ్వ అని పేరు పెట్టి, ఆమెకు ఎత్తు ఆరడుగులు రాశాను, నీ యాప్ నమ్మింది. పోశవ్వకు ముగ్గురు పిల్లలు, బీపీ బంగారం. చివరిది బాలవ్వ. ముప్పై రెండేళ్లు. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు. ఇదివరకు రెండుసార్లు అయిదో నెలలో పోయింది. ఇప్పుడు నాలుగో నెల. ఆమెకు నువ్వన్న ఎర్ర గుర్తు పడుతుందేమోనని కాసేపు ఫోన్ చేతిలో పట్టుకొని కూర్చున్నాను. పడలేదు. పోశవ్వకు ఎంత పచ్చగా ఉందో బాలవ్వకూ అంతే పచ్చగా ఉంది.

మర్నాడు మళ్లీ తెరిచి చూశాను, పచ్చగానే ఉంది. నిజం చెప్పనా, మనసు తేలికపడింది. ఉత్తుత్తి మనిషే అయినా ఆమె బాగుండాలని అనిపించదా? నీ యాప్ ఆ రెండు దెబ్బలూ చూసి కూడా ఫికర్ లేదన్నదంటే, అందులో ఏదో లెక్క ఉండే ఉంటుందనుకున్నాను. నువ్వు ఊరికే రాసేదానివి కాదు కదా.

ఈ మధ్య నేను వాగు అవతలి ఇళ్లకు పోవడం లేదు, లింగవ్వ పోతోంది. నడుం కాస్త లాగుతోంది. కుర్చీలో కూర్చొని రిజిస్టర్లు రాస్తే ఎవరికైనా లాగుతుంది. తొక్కు అయిపోయింది. జాడీ కడిగి పెట్టాను.

నీ వదిన
నవీన

*

కరీంనగర్
28 ఆగస్టు 2024

వదినా,

ఇది డాక్టర్ వనజ మేడం ఫోనుకు పంపుతున్నాను. చదివి వినిపించవద్దని, ఫోనే నీ చేతికి ఇవ్వమని బతిమాలాను. పొద్దున నుంచి నీకు ఇరవైసార్లు చేశాను, కలవలేదు. జీపు నీకోసమే వచ్చింది. ఎక్కి కూర్చొని చదువు.

నీ ఉత్తరం నిన్న అందింది. బాలవ్వకు పచ్చగా ఉందన్న చోట ఆగిపోయాను. ఉండకూడదు. నా కంప్యూటర్‌లో అవే వివరాలు పెడితే ఎర్రగా పడింది. మీకు ఇచ్చిన యాప్‌లో పెడితే పచ్చ. రెండింటికీ తేడా ఒక్కటే, నా దగ్గర నడిచేది కుదించనిది, మీ దగ్గరున్నది కుదించింది.

ఆ నక్షత్రం వదినా. ఎర్ర గుర్తు పెట్టి డాక్టర్ జాబితాలో పేరు రాసే పనిని కూడా నేను ఆ రికార్డర్ పెట్టెలోనే పెట్టాను. అదీ ఒక రాతే కదా అని ఏడాది కింద అక్కడ పడేసి మరిచిపోయాను. పెట్టెలో దేనివల్లా ఏ మార్పూ జరగదని నేనే చెప్పాను కాబట్టి ష్రింకర్ నా మాట విని ఆ పిలుపును కూడా తీసేసింది. తీసేసినట్టు ఎక్కడా తప్పు చూపదు, యాప్ ఆగదు. ఎర్రగా పడాల్సింది పడదు, అంతే. అందరూ పచ్చగా ఉంటారు. యాప్ తెరుచుకుంటోందా, వివరాలు దాచుకుంటోందా అని చూశాను గానీ, కుదించాక ఒక్క ఎర్ర కేసు పెట్టి చూడలేదు.

సరిచేసి, అయిదు సెంటర్ల పేర్లన్నీ మళ్లీ నడిపించాను. ఒక్కటే ఎర్రగా వచ్చింది. బాలవ్వ.

అప్పుడు ఆమె వివరాలు మొత్తం తెరిచాను. కిష్టవ్వకు ఆరడుగుల ఎత్తు రాసిన దానివి, బాలవ్వకు మాత్రం ఒక్క అబద్ధం రాయలేకపోయావు. రెండోసారి పోయిన తేదీ, 11 నవంబర్ 2022. ఆ రోజు దవాఖాన వరండాలో నీ చెప్పులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నది నేనే వదినా. ఆ తేదీ ఇంకెవరిదీ కాదు.

నన్ను తర్వాత తిట్టు, ఎంతైనా తిట్టు. ఇప్పుడు మేడం వెంట ఆదిలాబాద్ దవాఖానకు వెళ్లు. నేను బస్సులో బయలుదేరుతున్నాను. యాప్ చెప్పింది తప్పు. నీకు పచ్చ కాదు.

ప్రవళిక

*

పెద్ద దవాఖాన, ఆదిలాబాద్
4 సెప్టెంబర్ 2024

ప్రవళికా,

నువ్వు నిన్న సాయంత్రం బస్సెక్కి వెళ్లినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నాను. ఆరు రోజులు నా మంచం పక్కనే కూర్చున్నావు, అయినా నోటితో చెప్పలేకపోయాను. వనజ మేడం లేవొద్దన్నది. పడుకొని రాస్తున్నాను, అక్షరాలు కిందికి జారుతున్నాయి, ఏమనుకోకు.

గర్భసంచి మూతి తెరుచుకోవడం మొదలైందని స్కానింగులో చూశారు. కుట్టు వేశారు. ఇంకో వారం పది రోజులు ఆగి ఉంటే ఇదివరకు రెండుసార్లు జరిగిందే జరిగేదట. మేడం నన్ను గట్టిగా తిట్టింది. "నువ్వే గిట్ల జేస్తె ఊరోళ్లకు నేనేం జెప్పాలె నవీనా?" అన్నది.

ఎందుకు దాచావని నువ్వు అడగలేదు. అడగనందుకు చెబుతున్నాను. మొదటిసారి మూడో నెలలోనే అందరికీ చెప్పాను. గల్లీ అంతా వచ్చి కూర్చుంది. రెండోసారి మామయ్య తన సాంచె మగ్గం మీద తన చేత్తో మెత్తటి బట్ట నేసి తెచ్చాడు, ఊయలకు. పోయాక ఆ బట్టను అత్తమ్మ మడిచి బీరువాలో పైఅరలో పెడుతూ నాకు కనబడకుండా ఏడవడం నేను తలుపు సందులో నుంచి చూశాను. నా దుఃఖం నేను పడగలను. ఆమెకు మూడోసారి ఆ బట్ట మడిచే పని పెట్టలేను అనుకున్నాను. అయిదో నెల దాటేవరకు మీ అన్నకు కూడా చెప్పొద్దనుకున్నాను.

దవాఖానకు ఎందుకు పోలేదంటే, భయం. ఇన్నేళ్లలో ఎంతమంది చేతులు పట్టుకొని స్కానింగుకు లాక్కెళ్లానో లెక్కలేదు. నా కాళ్లే కదల్లేదు. నాలో నేను ఒక ఒప్పందం చేసుకున్నాను. ప్రవళిక రాసిన యాప్‌లో నా వివరాలు నిజంగా పెడతాను, ఎర్రగా వస్తే పోతాను, పచ్చగా వస్తే ఇంట్లో ఉంటాను. పచ్చగా వచ్చింది. ఎంత సంతోషపడ్డానో నీకు ఎలా చెప్పను. నర్సమ్మ ఇలా చేసిందని ఎవరికైనా చెబితే నవ్వుతారు.

అందుకని నీ తప్పు ఒక్కదాని మీదే పడి ఏడవకు. నడుం లాగుతోందని నాకు తెలుసు, అలా లాగితే ఏమిటో కూడా తెలుసు. తెలిసి పచ్చ గుర్తు వెనక దాక్కున్నాను. తప్పులో సగం నాది, నా సగం నాకు ఉంచు.

అత్తమ్మకు నువ్వే చెప్పు. నా వల్ల కాదు. మీ అన్నకు నిన్న నర్సు ఫోను నుంచి చెప్పాను. అంతా విని "నువ్వు మంచిగున్నవా?" అని ఒక్కటే అడిగాడు.

నీ వదిన
నవీన

*

కరీంనగర్
15 సెప్టెంబర్ 2024

వదినా,

అవ్వకు చెప్పాను. వంట మధ్యలో ఉంది. పొయ్యి ఆర్పి కూర్చుంది. "నాకు జెప్పకుంట నాలుగు నెలలు ఒక్కతే మోసిందా?" అన్నది. నేను బట్ట సంగతి కూడా చెప్పేశాను, క్షమించు. అప్పుడు ఏడ్చింది. ఏడ్చి లేచి, "బట్ట మడుసుడు నా చేతులకు కష్టమా? దానికోసం నా కోడలు పానం మీదికి తెచ్చుకుంటదా?" అని నీ మీద కోపం తెచ్చుకుంది. ఆ కోపం తగ్గకముందే సంచీ సర్దింది. ఈ ఉత్తరం తెస్తున్నది ఆమే. నీ దగ్గరే ఉంటుందట, కాన్పు అయ్యేదాకా. ఆమె తిడుతుంటే ఎదురు చెప్పకు, పడుకొని విను. మేడం చెప్పింది కూడా అదే కదా.

ఆఫీసులో అందరి ముందు నిలబడి నా పొరపాటు చెప్పాను. ట్రయల్ ఆపేశాం. హరీష్ "నేను జెప్పిన" అనలేదు, ఆ మాట అనకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది. నక్షత్రం తీసేసి, తొలగించాల్సిన డైరీ రాతల పేర్లు ఒక్కొక్కటి విడిగా రాశాను, మొత్తం పదిహేడు. ఎర్ర గుర్తును ఆ పెట్టెలో నుంచి బయటికి తెచ్చి, దాన్ని ముట్టుకోవద్దని కీప్ రూల్ పెట్టాను. అయినా గుండె కుదురుకోలేదు.

బాపుకు ఇదంతా చెబితే ఆయన ఒక్కటే అడిగాడు. "సాంచె మీద పోగు తెగితె చప్పుడు మారుతది బిడ్డా, కండ్లు మూసుకున్నా తెలుస్తది. నీ మిషిన్ల పోగు తెగితె చప్పుడెందుకు రాలే?" మర్నాడు ఆఫీసుకు పోయి దానికి జవాబు రాశాను. ఇప్పుడు యాప్ కుదించిన ప్రతిసారీ, కుదించిన దాంట్లోనే ప్రమాదం ఉన్న ఇరవై మంది వివరాలు దానంతటదే పెడుతుంది. ఒక్కరికి ఎర్రగా రాకపోయినా అక్కడికక్కడ ఆగిపోతుంది, బయటికి పోదు. యాప్ రెండు ఎంబీలు పెరిగింది. పెరగనీ.

సగం తప్పు నీదన్నావు. ఇవ్వను వదినా. నువ్వు భయపడ్డావు, నేను సోమరితనం చేశాను. నీ భయంతో నువ్వు నన్ను నమ్మి వచ్చిన చోట నేను లేకుండా పోయాను. రోజూ పొద్దున లేవగానే అదే గుర్తొస్తుంది. నువ్వు బాగుంటే చాలు, ఇంకేం అడగను.

నీ
ప్రవళిక

*

పెద్ద దవాఖాన, ఆదిలాబాద్
21 జనవరి 2025

ప్రవళికా,

ఫోన్లో అత్తమ్మ చెప్పి ఉంటుంది, ఆడపిల్ల అని, రెండు కిలోల మూడు వందలని, ముక్కు మీ అన్నదని. ఆమె చెప్పనిది నేను రాస్తున్నాను. ఆ సమయంలో ఆమె తలుపు బయట ఉంది.

కుట్టు విప్పిన నాలుగో రోజు నొప్పులు వచ్చాయి. నేను నాలుగు వందలకు పైగా కాన్పులు చూశానని నీకు తెలుసు. బిడ్డ బయటికి రాగానే ఏం చేయాలో, ఎంతసేపు ఆగాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. బిడ్డ వచ్చింది. ఏడవలేదు.

నేను అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను, అలవాటు కొద్దీ. మూడు దగ్గర చదువంతా మరిచిపోయాను. నాలుగు దగ్గర నర్సు కొంగు పట్టుకొని "ఎందుకు ఏడుస్తలేదు? ఎందుకు ఏడుస్తలేదు సిస్టర్?" అని అరిచాను. ఆమె "ఏం గాదు, జర ఆగు" అన్నది. ఆ మాట నేను ఎంతమంది తల్లులతో అన్నానో ప్రవళికా, ఎంత తేలిగ్గా అన్నానో.

ఏడు దాటాక ఏడ్చింది. గదంతా మోగేలా ఏడ్చింది. నర్సు తుడిచి తెచ్చి నా గుండె మీద పెట్టింది, వేడిగా, తడిగా, నా చేయంత లేదు. నేను దాన్ని పట్టుకొని మొదట నీ పేరే పిలిచాను. నర్సు అది బిడ్డ పేరనుకొని కాగితం మీద రాసేసింది. ఎవరూ కొట్టివేయించలేదు.

నీ వదిన
నవీన